నావికబంధువు సామ్యూల్ ప్లిమ్సాలు చరిత్రము

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమున ప్రకటింపబడు ఈ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రమును వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన కులమున బుట్టి కీర్తిగాంచినవారి చరిత్రములు గత సంచికలలో పెక్కు వెలువడినవి. కావున ఈ పర్యాయము మేము పరదేశమున బుట్టి, ఓడలపై కూలిపని ఎన్నడును చేసి యెరుగకయే, ఆ పని చేయువారి కొరకు తన ధనమును, మానమును, ఆరోగ్యమును వెచ్చించిన యొక పుణ్యపురుషుని వృత్తాంతమును వ్రాయ సంకల్పించితిమి. కడలిని నమ్ముకొని బ్రదుకు కుటుంబములు మనలో పెక్కులు గలవు. పడవలు గలవారును, ఆ పడవలపై పనిచేయువారును ఈ పందిటి క్రిందనే ప్రక్కప్రక్కల కూర్చుందురు. ఈ చరిత్రము ఉభయులకును వినదగినదని మా నమ్మకము.

కాకినాడ రేవునందో, విశాఖపట్టణపు హార్బరునందో నిలిచియున్న పెద్ద యోడను జూచినవారు దాని ప్రక్కభాగమున నడుమ ఒక వలయమును, ఆ వలయమును అడ్డముగా ఖండించు ఒక గీతను, దాని చెంత నిచ్చెనమెట్లవలె మరికొన్ని చిన్నగీతలను గమనించియే యుందురు. ఆ గీత నీట మునుగునంతటి బరువును ఓడలో నింపరాదని శాసనము. ఉష్ణమండల సముద్రములకు ఒక గీత, వేసవికి ఒక గీత, శీతకాలమునకు ఒక గీత, మంచినీటి రేవులకు వేరొక గీత. ఉప్పునీటికంటె మంచినీరు తేలిక గనుక దానియందు ఓడ మరికొంత లోతునకు దిగును. శీతకాలమున గాలివానలు మిక్కుటము గనుక అప్పుడు బరువు తగ్గింపవలయును. ఇంతటి శాస్త్రము ఆ కొలది గీతలలో నిమిడియున్నది. లోకమందలి నావికులందరు ఆ గుర్తును ప్లిమ్సాలు గీత యని పిలుతురు. ఆ పేరు గలవాడే మన చరిత్రనాయకుడు.

సామ్యూల్ ప్లిమ్సాలు 1824వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ఇంగ్లండు దేశమందలి బ్రిస్టలు నగరమున జన్మించెను. తండ్రి ఎక్సైజు శాఖలో చిన్న యుద్యోగి. బిడ్డలు పెక్కుమంది. కుటుంబము ఉత్తరదేశమునకు తరలి, తుదకు షెఫీల్డు నగరమున స్థిరపడెను. బాలుడు పాఠశాలను త్వరలోనే విడువవలసి వచ్చెను. మొదట నొక న్యాయవాది కడను, పిమ్మట బీరు తయారుచేయు నొక కర్మాగారమునందును గుమాస్తాగా పనిచేసి, తన చురుకుదనముచే ఆ కర్మాగారమునకు మేనేజరయ్యెను. 1851వ సంవత్సరమున లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు షెఫీల్డు పక్షమున గౌరవ కార్యదర్శిగా నుండి మెప్పు వడసెను.

యౌవనమున అతనికి ధనాశ లేకపోలేదు. 1853వ సంవత్సరమున లండను చేరి బొగ్గు వ్యాపారమునకు దిగెను. రెండేండ్లు తిరుగకమున్నే ఉన్నదంతయు పోయెను. ఒకనాడు మేనేజరుగా నుండినవాడు కూలివాండ్రు తలదాచుకొను సత్రములలో, వారమునకు ఎనిమిది షిల్లింగులకు లోబడిన సొమ్ముతో కడుపు నింపుకొనవలసిన దుర్దశకు వచ్చెను. ఆ సత్రములయందు అతడు చూచినది అతని జీవితమును మార్చివేసెను. పనిలేని కూలివాడు తనకున్న రొట్టెముక్కను తనకంటె ఆకలిగొన్నవానికి పంచియిచ్చుట, రోగియైన తోటివానికి తన పడకను విడుచుట అతడు కన్నులార గాంచెను. బీదలు బీదరికముచే మాత్రమే బీదలు గాని గుణముచే గారని యతనికి నిశ్చయమయ్యెను. పిమ్మట మరల బొగ్గు వ్యాపారమే యతనిని పైకి దెచ్చెను. రైలుబండ్లనుండి బొగ్గును పగులకుండ దింపుట కొక క్రొత్త పద్ధతిని కనిపెట్టి లండను నగరమున ధనికుడయ్యెను. ధనము వచ్చినను సత్రమునాటి స్నేహితులను అతడు మరువలేదు. అతని యర్ధాంగి ఎలిజా యను నామె యా జ్ఞాపకమును మరువనీయలేదనియు చెప్పవచ్చును. ఆమె తుదివరకు భర్త ప్రయత్నములన్నిటను సహధర్మచారిణియై నిలిచెను.

1868వ సంవత్సరమున ప్లిమ్సాలు డర్బీ నియోజకవర్గమునుండి లిబరలు పక్షమున పార్లమెంటునందలి కామన్సు సభకు సభ్యుడుగా ఎన్నికయ్యెను. ఆనాటి నావికుల స్థితి యెట్టిదో యిచ్చట వివరింపక తప్పదు.

పనివానికి పనిలో దెబ్బ తగిలినచో యజమాని నష్టపరిహార మీయవలెనను మాట ఆ కాలపు ఆంగ్లన్యాయమున మిక్కిలి బలహీనము. 1837వ సంవత్సరమున నొక వ్యాజ్యమునుండి పుట్టిన సూత్రమును బట్టి, తోటి పనివాని యజాగ్రత్తచే గాయపడినవానికి యజమాని బాధ్యుడు గాడు. అపాయము నెరిగియే పనికి ఒప్పుకొనినట్లు న్యాయస్థానము భావించెడిది. ఇది గనులకు, మిల్లులకు, రైలుమార్గములకు, అన్నిటికిని వర్తించెను. నావికుని గతి దీనికంటెను హీనము. ఓడ సముద్రయానమునకు తగినదిగా నుండవలెనని సరకు యజమాని కోరవచ్చును గాని, ఆ హామీ నావికునకు లేదని 1854వ సంవత్సరమున న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఓడ మునిగిన దినముతో అందరి జీతమును నిలిచిపోవునని ఆ సంవత్సరపు శాసనమే చెప్పుచుండెను. భర్త మునిగిన దినమునకు పిమ్మట భార్యకు ఒక పెన్నీయైనను రానక్కరలేదు.

ఓడ యజమానుని స్థితి వేరు. అతని యోడకు బీమా గలదు, సరకునకు బీమా గలదు, రావలసిన కిరాయికిని బీమా గలదు. పాతయోడకు దాని వెలకు మించిన బీమా చేయించుటకు అడ్డు లేదు. అట్టి యోడ తీరము చేరినచో లాభము, చేరకున్నను లాభము. నష్టపడువాడు నావికుడొక్కడే. పుచ్చిన పలకలకు రంగు పూసి, పాతపేరు మార్చి క్రొత్తపేరు పెట్టి పంపిన యోడలు గలవు. ఇరువైపుల పలకలను బిగించి పట్టుకొనవలసిన బోల్టులకు బదులుగా, పైకి తలలు మాత్రమే కనబడునట్టి దొంగబోల్టులను కొట్టిన యోడలును గలవు. అట్టి యోడలను నావికులు శవపేటికలని పిలిచెడివారు.

తెలిసియు వారేల యెక్కిరని కొందరడుగుదురు. నావికుడు ఒడంబడికపై గుర్తో సంతకమో చేసినపిమ్మటనే తన యోడను చూచుట తరచు. చూచిన తరువాత ఎక్కననుచో అది నేరము, చెరసాల ప్రాప్తించును. శవపేటిక యని తెలిసి ఓడ యెక్కక, ఆ కారణముచే ఖైదు ననుభవించిన నావికులు ఆ రోజులలో నూర్లకొలది యుండిరి. నీటిలో మునుగుటయా, చెరసాలకు బోవుటయా యను రెండు త్రోవలు తప్ప వారికి మూడవది లేదు.

ఓడలకు భారపు హద్దు నొక గీతగా గీయవలెనను నాలోచన ప్లిమ్సాలు పుట్టించినది గాదు. న్యూకాసిలు ప్రాంతమున జేమ్సు హాలు అనునతడు అంతకుముందే దానికొరకు పాటుపడుచుండెను. ఆతడు స్వయముగా ఓడల యజమాని. ఈ సంగతిని మేము బుద్ధిపూర్వకముగా నిచ్చట చెప్పుచున్నాము. యజమానులందరు క్రూరులు గారు. మంచి యోడలు నడుపు యజమానులు పాతయోడల పోటీవలన నష్టపోవుచునే యుండిరి. న్యాయమైన శాసనము మంచి యజమానికిని రక్షకమే యగును.

ప్లిమ్సాలు ఆ యాలోచనను తనదిగా జేసికొని 1870వ సంవత్సరమునుండియే కామన్సు సభలో ప్రస్తావించెను. సభలో ఓడల యజమానులును, వారి స్నేహితులును పెక్కుమంది. అతని ప్రస్తావము ముందునకు సాగలేదు. అప్పుడతడు సభను విడిచి ప్రజల నాశ్రయించెను. 1873వ సంవత్సరారంభమున మన నావికులు అను నర్థమునిచ్చు పేరుతో నొక గ్రంథమును ప్రకటించెను. అందు మునిగిన యోడల వివరములు, బీమాపత్రములు, నావికులు చెప్పిన వాఙ్మూలములు, పత్రముల ప్రతిరూపములు, దొంగబోల్టుల వర్ణనము, విధవలైన స్త్రీల గృహములలో దాను జూచిన దుస్థితి, అన్నియు జేర్చెను. గ్రంథము పండితశైలిలో లేదు. ఎదుట నిలిచి మాటలాడినట్లుండెను. చదివినవారి హృదయములు కరగెను. ఊరూర సభలు జరిగెను. చందాలు ప్రోగయ్యెను.

ఆ గ్రంథమునం దతిశయోక్తులును, తొందరపాటున వ్రాసిన నిందలును లేకపోలేదు. ఆ కారణముచే ఓడల యజమానులు అతనిపై పరువునష్టపు వ్యాజ్యములు వేసిరి. వాటికై యతడు విశేషధనమును వ్యయపరచవలసి వచ్చెను. చరిత్రము వ్రాయువారు నాయకుని దోషమును దాచుట తగదు గనుక దీనిని వ్రాసితిమి. కోపము, తొందర యతని దోషములు. అయినను తాను నమ్మినదానికి తన సొమ్మునే యొడ్డినవాడు గాని పరుల సొమ్ము నొడ్డినవాడు గాడు.

ప్రజల యార్భాటమునకు ప్రభుత్వమువారు చలించి ఆ సంవత్సరమే సోమర్సెట్టు డ్యూకు అధ్యక్షతను నొక రాజవిచారణసంఘమును నియమించిరి. ఆ సంఘము పెక్కు సంగతులు విచారించియు, అన్ని యోడలకును ఒకే విధమైన గీతను విధించుటకు సమ్మతింపలేదు. 1874వ సంవత్సరమున ప్లిమ్సాలు తన బిల్లును సభ ముందుంచెను. అనుకూలురు 170 మంది, ప్రతికూలురు 173 మంది. మూడు వోట్లచే బిల్లు వీగిపోయెను.

మరుసటి సంవత్సరము డిజ్రేలీ ప్రధానమంత్రిగా నున్న ప్రభుత్వమువారే, బోర్డు ఆఫ్ ట్రేడు అధ్యక్షుడైన ఆడర్లీ ద్వారా, నౌకావిషయమై యొక బిల్లును దెచ్చిరి. అది బలహీనమైనదే. అయినను దానిని సవరించుకొనవచ్చునని ప్లిమ్సాలు ఆశపడెను. 1875వ సంవత్సరము జూలై 22వ తేదీన, వ్యవసాయ భూముల బిల్లునకు కాలము చాలదను కారణముచే, ఈ బిల్లును విరమించుచున్నామని డిజ్రేలీ సభలో ప్రకటించెను. శీతకాలము రాబోవుచున్నది. ఆ శీతకాలమున మునుగబోవు ఓడలును, వాటిలో నుండబోవు మనుష్యులును ప్లిమ్సాలు కన్నుల ముందు నిలిచిరి. అతడు తన స్థానము విడిచి సభామధ్యమునకు వచ్చి, పిడికిలి బిగించి, నావికులను మృత్యుముఖమునకు బంపువారు దుర్మార్గులని కేకలువేసెను. సభాపతి యెంత వారించినను ఆ మాటను ఉపసంహరించుకొననని నిలిచెను. అంతట సభవారు అతనిని బయటకు బంపి, ఒక వారమునకు పిమ్మట వచ్చి సమాధానము చెప్పుకొనవలసినదని తీర్మానించిరి.

సభామర్యాదను అతిక్రమించుట తప్పే. ప్లిమ్సాలు వారము దినముల పిమ్మట సభకు వచ్చి తాను వాడిన మాటలకు క్షమాపణ చెప్పెను. కాని తాను చెప్పిన సంగతులను మాత్రము వెనుకకు దీసికొనలేదు. ఈలోపల దేశమంతయు అట్టుడికినట్లుడికెను. పత్రికలు వ్రాసెను, రేవుపట్టణములలో ప్రజలు గుమిగూడిరి. ఆ యొత్తిడికి ప్రభుత్వమువారు తలయొగ్గి, ఆ సమావేశమునందే, అయోగ్యమైన యోడలను రేవునందే నిలిపివేయు నధికారము నిచ్చు తాత్కాలికశాసనమును గావించిరి. 1876వ సంవత్సరమున పూర్తి శాసనము వచ్చెను. బ్రిటిషు ఓడలు భారపు గీతను ధరింపవలెనని యందు విధింపబడెను. అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. ఓడను సముద్రయానమునకు తగినదానిగా నుంచుటకు యజమాని చేయదగిన ప్రయత్నమంతయు చేయవలెనను షరతు ప్రతి నావికుని యొడంబడికయందును ఉన్నట్లే భావింపవలెనని ఆ శాసనము చెప్పెను. 1854వ సంవత్సరపు తీర్పు నావికునకు నిరాకరించిన హామీ యిరువదిరెండేండ్లకు అతనికి దక్కినది.

అయితే శాసనమున నొక లోపము మిగిలెను. గీతను గీయవలెనని చెప్పెనే గాని యెచ్చట గీయవలెనో చెప్పలేదు. ఆ నిర్ణయమును ఓడ యజమానికే విడిచెను. కార్డిఫు రేవునందొక కప్తాను ఆ గుర్తును తన యోడ పొగగొట్టముపై వేయించెనని నావికులు పరిహాసముగా నేటికిని చెప్పుకొందురు. పదునాలుగేండ్లు గడచినపిమ్మట, 1890వ సంవత్సరపు శాసనముచే, బోర్డు ఆఫ్ ట్రేడు వారి పట్టికల ననుసరించియే గీత గీయవలెనను నియమ మేర్పడెను. 1906వ సంవత్సరమున బ్రిటిషు రేవులకు వచ్చు పరదేశపు ఓడలకును అది వర్తించెను. 1930వ సంవత్సరమున పెక్కుదేశములు కలసి యొడంబడిక చేసికొనిన పిమ్మట ఆ గీత సార్వభౌమమయ్యెను. కాకినాడ, విశాఖపట్టణముల నుండి మన తెలుగువారు వేలకొలది రంగూనుకు బోయిన కాలమున, వారిని గొనిపోయిన బ్రిటిషు స్టీమర్ల ప్రక్కలను కూడ ఆ వలయము, ఆ గీత యుండెను. దానిని గీయించిన వాని పేరు వారిలో నెవరెరుగుదురు?

1880వ సంవత్సరపు ఎన్నికలలో ప్లిమ్సాలు మరల డర్బీనుండి గెలిచియు, హోం మంత్రిగా నియమింపబడి స్థానము గోల్పోయిన సర్ విలియం హార్కోర్టునకు తన స్థానమును విడిచిపెట్టెను. మంత్రివర్గమున నున్నవాడు నావికులకు తనకంటె నెక్కువ మేలు చేయగలడని యతని యాశ. ఆ యాశ పూర్తిగా ఫలింపలేదు. సభలో స్థానము లేకున్నను పని మానలేదు. పశువులను మితిమీరి యెక్కించుకొని సముద్రము దాటు ఓడలలోని ఘోరమును గూర్చి 1890వ సంవత్సరమున నొక పుస్తకము వ్రాసెను. నావికులును, ఓడలలో బొగ్గువేయు పనివారును గూడి యేర్పరచుకొన్న సంఘమునకు గౌరవాధ్యక్షుడుగా నుండెను. 1882వ సంవత్సరమున ఎలిజా ఆస్ట్రేలియా దేశమున బ్రిస్బేను నగరమందు మరణించెను. కొంతకాలమునకు అతడు పునర్వివాహము చేసికొనెను. 1898వ సంవత్సరము జూన్ 3వ తేదీన, సముద్రతీరమందలి ఫోక్‌స్టను పట్టణమున, 74 సంవత్సరముల ప్రాయమున ప్లిమ్సాలు పరమపదించెను. 1929వ సంవత్సరమున నావికసంఘమువారు థేమ్సు నదియొడ్డున అతని ప్రతిమను నిలిపిరి.

చరిత్రము ఇంతటితో ముగియవలసినది. కాని యతని మరణదినమును గూర్చి యొక సంగతి చెప్పినగాని మా యుద్దేశము నెరవేరదు. అతడు మరణించిన నెల తిరుగకమున్నే, 1898వ సంవత్సరము జూలై 1వ తేదీన, ఇంగ్లండునందు పనివారి నష్టపరిహారపు చట్టము అమలులోనికి వచ్చెను. దానిని ముందటి సంవత్సరము చేంబర్లెయిన్ ప్రోత్సాహమున పార్లమెంటువారు గావించిరి. తప్పెవరిదని అడుగక, పనిలో గాయపడినవానికిని, మృతుని కుటుంబమునకును యజమాని సొమ్మీయవలెనని ఆ చట్టపు సారము. రైలుమార్గములు, కర్మాగారములు, గనులు, రాతిక్వారీలు, పెద్దకట్టడములు మున్నగు పనులు అందు జేర్పబడెను. నావికులు మాత్రము చేర్పబడలేదు. అంతకుముందు 1880వ సంవత్సరమున వచ్చిన యజమానుల బాధ్యతాచట్టమునను నావికులకు చోటు లేదు. దేశమందెల్ల మిక్కిలి అపాయకరమైన పనులలో నొకటి చేయువారు, అపాయమునకు పరిహారమిచ్చు రెండు చట్టములకును వెలుపలనే నిలిచిరి.

ఓడ మునుగకుండ గీత గీయవచ్చును. అయినను పాయపుతాడు తెగును, కొక్కెము జారును, అల వచ్చి మనుష్యుని ఈడ్చుకొనిపోవును. గీత యున్న యోడమీదనే కాలు విరిగినవాని సంగతి యేమి? వాని బిడ్డల సంగతి యేమి? ప్లిమ్సాలు జీవితమంతయు ఆపదను నివారించుటకు వెచ్చింపబడెను. ఆపద వచ్చినపిమ్మట ఆదుకొను ధర్మము మిగిలిపోయెను. అది 1906వ సంవత్సరపు క్రొత్తచట్టముచే తీరెను. మరుసటి సంవత్సరము జూలై 1వ తేదీనుండి నావికులును, గృహసేవకులును ఆ నీడలోనికి వచ్చిరి. మృతుని కుటుంబమునకు అతని మూడేండ్ల సంపాదనము ననుసరించి, 150 పౌనులకు తగ్గకుండ, 300 పౌనులకు మించకుండ సొమ్ము లభించునట్లు విధింపబడెను.

ఆ చట్టమునందును ఒక తరగతివారిని వెలుపల నుంచిరి. చేపలపడవలలో జీతమునకు గాక పట్టిన చేపల రాబడిలో పాలునకు పనిచేయువారికి ఇది వర్తింపదని వ్రాసిరి. పాలు తీసికొనువాడు సేవకుడు గాడు, భాగస్వామి యని వారి తర్కము. లాభమునందు భాగమున్నది గనుక అపాయమునందును తన భాగము తానే మోయవలెనట! వ్యాకరణమును, తర్కమును చదివిన మాకు ఈ వాదమున మాటపొందిక కనబడుచున్నదే గాని న్యాయము కనబడుటలేదు. పడవ అతనిది గాదు, వల అతనిది గాదు, ఎప్పుడు బయలుదేరవలెనో నిర్ణయించువాడు అతడు గాడు. మునుగునది మాత్రము అతడే. అమెరికాదేశమునందు నేటికిని నావికుడు సామాన్యపు నష్టపరిహారపు చట్టములకు వెలుపలివాడే. గాయపడినవాడు 1920వ సంవత్సరపు ప్రత్యేకశాసనము క్రింద, యజమాని యజాగ్రత్తను ఋజువుచేసి వ్యాజ్యమున గెలువవలసియున్నది. చట్టము గీయు గీత ప్రతిదేశమునను ఎవరినో ఒకరిని వెలుపల నుంచుచునే యున్నది.

మన దేశమున పనివారి నష్టపరిహారపు చట్టము 1923వ సంవత్సరమున చేయబడి 1924 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ చట్టవిషయములను 2020వ సంవత్సరపు సాంఘిక భద్రతాస్మృతియందు జేర్చిరి. చట్టముల పేర్లు మారినను అర్జీదారు మొదట ఋజువు చేయవలసినది ఒక్కటే. మృతుడు ఫలానావానికి పనివాడని చూపవలెను. మన తీరమున పాలునకు పోవువాడు దీనిని దేనితో చూపగలడు? ఒడంబడిక లేదు, జీతపుచీటి లేదు, హాజరుపట్టీ లేదు. మాట యొక్కటే యున్నది. మాట యిచ్చినవాడు గట్టున నున్నాడు, మాట తీసికొన్నవాడు నీటిపాలయ్యెను.

1996వ సంవత్సరము నవంబరు మాసమున కోనసీమను తుపాను ధ్వంసము చేసిన కాలమున మేము ఒక తీరగ్రామపు పాఠశాలలో ఉపాధ్యాయులముగా నుంటిమి. బడి మరల తెరచిన దినమున హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచితిమి. పలుకని పేర్లు కొన్ని. అందొకడు తెలివైన పిల్లవాడు, శబ్దమంజరి తప్పులేక అప్పగించువాడు. వాని తండ్రి పడవపై పోయి తిరిగి రాలేదు. ఆ పడవలో ఆనాడు ఎవరెవరుండిరో వ్రాసిన కాగితము ఒక్కటియు లేదు. మా పట్టీలో కుమారుని పేరు ప్రతిదినమును వ్రాయబడుచుండెను. ప్రాణమునకు తెగించి సముద్రముమీదికి పోవు తండ్రి పేరు ఎచ్చటను వ్రాయబడలేదు. తల్లి ఆ కుమారుని వెంటబెట్టుకొని, భర్త పడవపై నుండెనని సాక్ష్యము చెప్పువారికొరకు ఇల్లిల్లు తిరిగెను. పిల్లవాడు మరల బడికి రాలేదు. మేము ఒకసారి వారి గుడిసెకు బోయి వచ్చితిమి. అంతకుమించి యేమియు చేయలేకపోతిమి. ఆ సంగతి మా మనస్సున నేటికిని శల్యమువలె నున్నది. ఈ చరిత్రమును వ్రాయుటకు అదియే కారణమని దాచక చెప్పుచున్నాము.

మహాజనులారా! పార్లమెంటునందు కేకలు వేయుమని మేము మిమ్ము కోరము. ప్రభుత్వమువారి సామూహిక ప్రమాదబీమా పథకములు మత్స్యకారులకు గలవు. వాటియందు పేరు నమోదు చేయించుకొనని వారు మనలో నెందరో మీ గ్రామములలో విచారించిన తెలియును. పడవ బయలుదేరుటకు ముందు అందెక్కినవారి పేర్లను ఒక పుస్తకమున వ్రాసి గట్టున నుంచుటకు వ్యయమేమియు గాదు. ఇరువది పుటల పుస్తకము, ఒక కలము చాలును. ఆ పుస్తకమే రేపు ఒక విధవకు సాక్ష్యమగును. పాలునకు వచ్చువానితో రెండు వాక్యముల యొడంబడిక వ్రాసికొనుట పడవ యజమానికి అవమానము గాదు, గౌరవము. మొదట భారపు గీతను గోరినవాడు ఓడల యజమానియే యని మీరింతకుముందే చదివితిరి. మన సంఘపోషకులు ఈ మహాసభయందు దీనిని విచారించి, ప్రతి తీరగ్రామమునను అట్టి పుస్తకమొక్కటి యుండునట్లు తీర్మానింపవలెనని మా విన్నపము.

ప్లిమ్సాలు పండితుడు గాడు, మహావక్త గాడు, మహాధనవంతుడును గాడు. ఒకప్పుడు తాను కూడ వెలుపల నిలిచినవాడు గనుక వెలుపల నిలిచినవారిని మరువలేదు. ఎంతటి విద్య, ఎంతటి ధనము గలవారికైనను ఈ గుణ మలవడుట దుర్లభము. కడలిపై బోవు మనవారినందరిని సర్వేశ్వరుడు క్షేమముగా గట్టు చేర్చుగాక. ఈ మహాసభ నిర్విఘ్నముగా జరిగి, మన సంఘము శాశ్వతముగా వర్ధిల్లుగాక.

శుభం భూయాత్.